కుక్కరుకు చుట్టిన వైరు

నేను చెప్పే మాటల్లో గింజ కన్నా పొట్టు ఎక్కువని మా క్వార్టర్ల లైనులో అందరికీ తెలుసు. ఒక ఎండాకాలం రామగుండం ఎండకు నిమ్మకాయలు చెట్టు మీదే ఊరి ఊరగాయ అయ్యాయని చెప్పాను. మూతపడ్డ బొగ్గు బాయిలోకి దారి తప్పి దిగిన మేకపోతు ఒకటి, నేల లోపల్లోపలే గోదావరి కింద నుంచి నడిచి, కొన్నాళ్లకు అవతలి ఒడ్డున మంచిర్యాల సంతలో మెడలో గంటతో సహా తేలిందని చెప్పాను. వాటిని ఎవరూ నమ్మలేదు, చెప్పొద్దని అన్నవాళ్లూ లేరు. ఈ కుక్కరు సంగతి మాత్రం చిటికెడు కూడా కలపకుండా చెబుతానా, "గిది మరీ ఎక్కువైంది అక్కా" అని లేచిపోతారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు వైరు గురించి చెప్పాలి. మా ఆయన బాయిలో షాట్‌ఫైరర్. బొగ్గుకు రంధ్రాలు వేశాక అందులో మందు పెట్టి పేల్చేది ఆయనే. మందును అంటించే డిటోనేటర్ బీడీ ముక్కంత ఉంటుంది. దానికి రెండు పోగుల సన్నని వైరు ఉంటుంది, పైన రంగు రంగుల తొడుగు. పేలాక డిటోనేటర్ బూడిదవుతుంది. వైరు ముక్కలు బొగ్గులో మిగిలిపోతాయి. షిఫ్టు దిగి వచ్చేవాళ్లు ఆ ముక్కలను చుట్టగా చుట్టి జేబులో వేసుకుని ఇంటికి తెస్తారు. అవి ఎండకు చీకవు, వానకు కుళ్లవు. మా ఇళ్లలో బట్టలారేసే దండెం ఆ వైరే, కూరగాయల బుట్ట ఆ వైరే, చీపురు కట్ట, గేటు గొళ్లెం, గోడ మీది దేవుడి పటం, అన్నీ దాని మీదే నిలబడి ఉంటాయి. పెళ్లయి ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఈ వైరు తెగితే ఊరు ఊరంతా ఎక్కడికక్కడ విడిపోతుందని అన్నాను. అది కోతేమీ కాదు.

అది తేవచ్చా, తేకూడదా అని అడిగినవాళ్లు నాకు తెలిసి లేరు. అందరి ఇళ్లలో ఉన్నదాని గురించి ఎవరు అడుగుతారు.

ఆ ఆదివారం మా ఆడబిడ్డను మంచిర్యాలలో దింపడానికి బయలుదేరాం. మా ఆయన చెల్లెలు, వకీలు. సీనియర్ దగ్గర పని నేర్చుకుని, అప్పుడే సొంతంగా ఒక గది తీసుకుంది. మధ్యాహ్నం ఆ గదిలో పాలు పొంగించి, వచ్చినవాళ్లకు భోజనం పెట్టాలి. మటన్ నేను వండుతానన్నాను. తెల్లారి లేచి వండితే పెద్ద కుక్కరు నిండా వచ్చింది. కుక్కరు మూతకు రబ్బరు వదులై చాలా కాలమైంది. కారు కుదుపుకు మూత జారి రసమంతా ఒలికిపోతుందని, మూతను కుక్కరుకు కలిపి, అడ్డంగా నిలువుగా వైరుతో గట్టిగా బిగించాను. మా పాత కారు డిక్కీ తాళం కూడా ఎప్పుడో పాడైంది. మా ఆయన దాని మూతను కింది కొక్కేనికి ఎర్ర పసుపు వైరుతో కట్టి పెడతారు. కట్టాక మిగిలిన కొస బయటికి వేలాడుతూ ఉంటుంది. అదేమీ వింత కాదు మాకు.

గోదావరి వంతెనకు ఇవతల పోలీసులు బారికేడ్లు పెట్టారు. ఎవరో పెద్దాయన వస్తున్నాడట, బండ్లన్నీ ఆపుతున్నారు. ముందు లారీలు, ఆటోలు వరుసగా నిలబడ్డాయి. మా ఆయన లైసెన్సు, కారు కాగితాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. వెనక సీట్లో నా పక్కన కూర్చున్న ఆడబిడ్డ అంది:

"అన్నా, కాగితాలు అడుగుతరు, ఇయ్యి. ఊదుమంటరు, ఊదు. డిక్కీ తెరువుమంటే మాత్రం నాకు చెప్పు. ఊకనే తెరువుమనే హక్కు లేదు వాళ్లకు. ఏదన్న అనుమానం ఉండాలె, ఆ అనుమానం రాసుకోవాలె, ఇద్దరు సాక్షులను పిలువాలె, వీడియో తియ్యాలె. దొరికినదానికి కాగితం రాసి నకలు ఇయ్యాలె."

"డిక్కీల ఏమున్నదే, మటన్ గాదా. తెరిస్తే ఏం పోతది?" అన్నారు మా ఆయన.

"తెరిస్తే పోదు. అడుగంగనే తెరిచే అలవాటైతేనే పోతది."

నేను నవ్వి, "వకీలమ్మ బోణీ మా కారు మీదనే చేసేటట్టున్నది" అన్నాను. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. నాకు ఉన్నట్టుండి కుక్కరు గుర్తొచ్చింది.

"ఏమయ్యా, కుక్కరుకు గూడ వైరు కట్టిన" అన్నాను.

"కట్టవా మరి. నేను తెచ్చిందేనాయె."

"నువ్వు తెచ్చింది అయిపోయింది. అటక మీద ఒక చుట్ట ఉండె గదా, నీలం రంగుది, గది కట్టిన."

అటక మీది చుట్ట మాది కాదు. ఆ క్వార్టర్‌లో మాకంటే ముందున్నవాళ్లు వదిలిపోయింది. మేము దిగినప్పటి నుంచి దుమ్ములో అలాగే పడి ఉంది. మా ఆయన అద్దంలోంచి నా ముఖం చూశారు.

"కొసలు చూసినవా?"

"ఒక కొస ఊకనే ఉన్నది. ఇంకో కొసకు నల్లటేపు చుట్టి గడ్డలెక్క ఉన్నది. కుచ్చకుంట మంచిగున్నదని దాన్ని హ్యాండిల్ కిందికి దోపిన."

"ఎంత గడ్డ?"

నేను చిటికెన వేలు చూపించాను.

బాయిలో అన్ని షాట్లూ పేలవు. ఒక్కోసారి వైరు ఉంటుంది, దాని కొసన డిటోనేటర్ బతికే ఉంటుంది. ఆ మాట ఆయన నోటే ఎన్నోసార్లు విన్నాను, అన్నం కలుపుకుంటూ విన్నాను, ఎప్పుడూ భయం వేయలేదు. ఇప్పుడు నా వీపు వెనక, సీటుకు అవతల, పొయ్యి మీంచి దింపి ఎంతోసేపు కాని కుక్కరు ఉంది. అది ఇంకా వేడిగానే ఉంటుంది. కారు గతుకులో పడినప్పుడల్లా అది ఠంగుమని చప్పుడు చేయడం అంతకుముందు కూడా విన్నాను. ఇప్పుడు ఆ చప్పుడు కోసం చెవులు నిలబడ్డాయి.

"వెనుకకు తిప్పుదామా?" అన్నాను.

"బారికేడ్ కాడ తిప్పితే వెంటపడతరు వదినె" అంది ఆడబిడ్డ. "గమ్మునుండు. కథలు చెప్పకు, నీకు దండం పెడత."

మా వంతు వచ్చింది. కాగితాలు చూసిన కానిస్టేబుల్ మా వైపు మనిషే, మాట తీరులోనే తెలిసింది. "పోండ్రి అన్నా" అని చెయ్యి ఊపబోయాడు. అంతలో కారు వెనక నిలబడిన ఎస్సై, "ఆగండి. ఈ వైరేంటి?" అన్నాడు. వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చాడట. మనిషి నిటారుగా ఉన్నాడు, గొంతు పెంచలేదు.

"డిక్కీ తాళం పోయింది సార్, కట్టిన" అన్నారు మా ఆయన దిగి.

"ఇది దేని వైరో నాకు తెలుసు. ట్రైనింగులో చూపించారు. డిక్కీ తెరవండి."

కానిస్టేబుల్ దగ్గరికి వచ్చి మెల్లగా, "సార్, గిది ఈడ అందరిండ్లల్ల ఉంటది. మా ఇంట్ల దండెం గూడ..." అని అక్కడ ఆగిపోయాడు.

"అందరి ఇళ్లలో ఉంటే మంచి వస్తువు అయిపోతుందా?"

ఆడబిడ్డ దిగింది. తాను వకీలునని చెప్పింది. "సార్, సోదా చేస్తామంటే చెయ్యిండ్రి. అనుమానం ఏందో ముందుగాల రాయిండ్రి. ఇద్దరు సాక్షులను పిలువుండ్రి. వీడియో పెట్టుండ్రి."

ఎస్సై పెన్ను తీశాడు. "రాస్తానమ్మా. కారణం బయటే వేలాడుతోంది" అన్నాడు.

కారులో ఆమె చెప్పిన చట్టమంతా అనుమానం లేని బండికి. మాది అనుమానాన్ని తోకకు కట్టుకుని తిరిగే బండి.

నేను కారు పక్కనే నిలబడ్డాను. తెరిస్తే కుక్కరు కనిపిస్తుంది, కుక్కరు మీద వైరు కనిపిస్తుంది. అది చాలు. బాయి నుంచి మందు సామాను బయటికి తెచ్చాడని కేసు పెడితే డ్యూటీ పోతుంది. షాట్‌ఫైరర్ మీద అలాంటి మాట పడ్డాక మళ్లీ చేతికి మందు ఇచ్చేవాళ్లుండరు. డ్యూటీ పోతే క్వార్టర్ పోతుంది. ఇవన్నీ ఒక వైపు. ఇంకో వైపు ఆ టేపు గడ్డ. అందులో ఉండకూడనిదే ఉంటే, కేసు గురించి ఆలోచించడానికి మేము ఉండాలి కదా.

సాక్షుల కోసం కానిస్టేబుల్ రోడ్డు పక్కకు వెళ్లాడు. వంతెన దగ్గర మక్క కంకులు కాల్చి అమ్మే అతన్ని, చేపలు అమ్మే అవ్వను తెచ్చాడు. అవ్వ తట్ట దించకుండానే, "నాకు సదువు రాదు బిడ్డా, నాదేం సాచ్చెం?" అంది.

"చూసింది చెప్పాలె, గంతే."

"చూసింది చెప్పుడు సాచ్చెమా? మా కోడలు దినాం చెప్తది."

ఎస్సై కారణం రాస్తున్నంతసేపూ కానిస్టేబుల్ నా పక్కన నిలబడ్డాడు. నా వాలకం చూసి జాలి పడ్డాడేమో, "లోపల ఏమున్నదక్కా?" అన్నాడు.

"మటన్ కూర" అన్నాను.

"ఏ మటన్? మేకదా, గొర్రెదా?"

భయం వేస్తే కొందరికి నోరు ఎండుకుపోతుంది. నాకు తెరుచుకుంటుంది. మూసిన బాయిలోకి దిగిన మేకపోతు, నది కింద నడక, మంచిర్యాల సంత, మెడలో గంట, మొత్తం చెప్పేశాను. ఆపుదామని అనుకుంటూనే చెప్పాను. కానిస్టేబుల్ నోరు మూసుకుని నవ్వాడు. కంకుల అతను, "గంట మోగిందా మరి, నీళ్ల కింద?" అని అడిగాడు. ఎస్సై తలెత్తి చూశాడు. మా ఆడబిడ్డ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒకటి పగిలింది.

కానిస్టేబుల్ ఫోన్‌లో వీడియో మొదలుపెట్టాడు. మా ఆయన డిక్కీ వైరు విప్పారు. మూత లేచింది.

చాప, మడత కుర్చీ, వాటి మధ్య కుక్కరు. వెండిలా మెరిసే ఒళ్లు, దాని చుట్టూ అడ్డంగా నిలువుగా నీలం వైరు, పైన బిగించి మెలిపెట్టిన ముడి. చేతులారా కట్టింది నేను. నాకే అది కుక్కరులా కనిపించలేదు.

ఎస్సై ఒక్క అడుగు వెనక్కి వేశాడు. "ఎవరూ ముట్టుకోకండి. కరీంనగర్ నుంచి బాంబు స్క్వాడ్‌ను పిలుస్తాను" అన్నాడు. వెనకున్న బండ్ల వాళ్లు దిగి చూడటం మొదలుపెట్టారు. ఎవరో ఫోన్ ఎత్తారు.

అప్పుడు మా ఆయన మాట్లాడారు. ఇంట్లో ఆయన గొంతు వినడానికి టీవీ ఆపాలి. ఆ రోజు రోడ్డంతా వినిపించింది.

"సార్, అందరినీ వెనుకకు పంపుండ్రి. వాళ్లొచ్చేదాక గిది ఎండల ఉండొద్దు. అసలే వేడి మీద ఉన్నది. నేను షాట్‌ఫైరర్ని. నా పనే గిది."

"నేను ఒప్పుకోను."

"ఒప్పుకోకుండ్రి. ముందు ఈ అవ్వను దూరం తీసుకపోండ్రి."

నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "చెల్లెను తీసుకొని లారీ అవతలికి పో" అన్నారు. ఆడబిడ్డ కదిలింది. నేను కదల్లేదు. ధైర్యం ఉండి కాదు. కాళ్లు నా మాట వినలేదు, అంతే.

ఆయన డిక్కీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. ముడి ముట్టుకోలేదు. ఒక వేలితో వైరును ఆనీ ఆనకుండా పట్టి, మూత మీది నుంచి పక్కకు, అక్కడి నుంచి అడుగుకు, మళ్లీ పైకి, అది పోయిన దారినే పోయారు. ఆయన మెడ మీది చెమట చొక్కా లోపలికి దిగడం చూస్తున్నాను. రోజూ బాయిలో చీకట్లో ఈయన చేసేది ఇదే కదా అనిపించింది. ఇన్నేళ్లూ ఆయన టిఫిన్ కట్టి పంపుతూ ఏనాడూ ఆయన వేళ్ల గురించి ఆలోచించలేదు. హ్యాండిల్ దగ్గర వేళ్లు ఆగాయి. దాని కింద నుంచి నల్లటేపు గడ్డను బయటికి తీశారు, పిల్లి మూతి నుంచి పిట్టను తీసినట్టు. అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. తర్వాత గోటితో టేపు అంచు లేపారు.

టేపు పాతది. సాగి సాగి ఊడింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. వంతెన మీద ఒక్క బండి కూడా కదల్లేదా, లేక నాకే వినబడలేదా, తెలియదు.

లోపల వేప పుల్ల.

చిటికెన వేలంత పుల్ల. వైరు కొసను దాని చుట్టూ మెలిపెట్టి టేపు వేశారు. పాత క్వార్టర్ వాళ్లు దండెం కట్టుకున్నప్పుడు గోడ కొక్కెంలో నుంచి వైరు జారకుండా అడ్డం పెట్టుకున్న పుల్ల. మా ఆయన దాన్ని చూసి, కిందికి కూర్చుండిపోయారు. నవ్వలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు.

కుక్కరు తెరిచారు. వాసన రోడ్డంతా పట్టింది. చేపల అవ్వ వంగి చూసి, "ఉప్పు చూడకుంట ఏలుముద్ర ఎట్ల ఎయ్యాలె?" అంది.

అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఎస్సై పంచనామా రాయడానికి కూర్చున్నాడు. సోదా చేశాక రాయాలి, దొరికింది రాయాలి. అడిగింది మా ఆడబిడ్డే. అందులో "గనుల్లో వాడే డిటోనేటర్ వైరు" అని పడిందంటే, ఆ కాగితం మెల్లగా నడుచుకుంటూ బాయి ఆఫీసుకు వస్తుంది.

కానిస్టేబుల్ మమ్మల్ని పక్కకు పిలిచి, "అక్కా, కాగితం వద్దని చెప్పుండ్రి. సార్‌ను నేను బతిమాలుత. గింతటితోని పోనిద్దాం" అన్నాడు.

నేను ఆడబిడ్డ వైపు చూశాను. నాకైతే ఆ మాట అమృతంలా ఉంది. ఆమె అన్న ముఖం చూసింది. ఆయన అన్నారు, "నీకు ఎట్ల తోస్తే గట్ల చెయ్యి చెల్లె."

ఆమె ఇంకా ఫోన్లు ఎత్తి నిలబడినవాళ్ల వైపు చూసి అంది: "వీడియో ఉన్నది అన్నా. వెనుక ఎంతమంది తీసిన్రో. రేపు ఎవడన్న కుక్కర్ల బాంబని పెడితే మన దగ్గర చూపడానికి ఏముంటది? ఉన్నదున్నట్టు రాయించుకుందాం."

ఎస్సై పక్కనే నిలబడి ఆమె రాయించింది. వైరు అని రాస్తే, "పేలిన తర్వాత మిగిలిన ముక్క, కొసన డిటోనేటర్ లేదు, టేపు లోపల పుల్ల ఉంది, సాక్షులు చూశారు" అని కూడా రాయమంది. ఎస్సై విసుక్కోలేదు. ప్రతి మాటా రాశాడు. అడగకముందే, "డిక్కీలో కూర తప్ప ఏమీ లేదు" అని తానే ఒక వాక్యం కలిపాడు. వైరు రెండు చుట్టలూ కవర్‌లో వేసుకుని, నకలు ఇచ్చి, సంతకం తీసుకున్నాడు. "జాగ్రత్తగా వెళ్లండి" అన్నాడు. మంచివాడే. ఆయన నోట ఆ మాట వినడానికి కూడా నాకు భయం వేసింది.

మూత కట్టడానికి వైరు లేక, మంచిర్యాల దాకా కుక్కరును ఒళ్లో పెట్టుకుని నేనే పట్టుకున్నాను. తొడలు కాలాయి. గదిలో పాలు పొంగాయి, అందరూ తిన్నారు, కూర బాగుందన్నారు. మా ముగ్గురికీ ముద్ద దిగలేదు.

తర్వాత రోజుల్లో ఇంట్లో ఫోన్ మోగితే ఎవరం ముందు ఎత్తాలో తెలిసేది కాదు. దండెం కోసేశాను. బుట్ట, చీపురు, గేటు, పటం, అన్నింటి వైరూ విప్పి సంచిలో వేశాను. దాన్ని ఎక్కడ పారెయ్యాలో తెలియక మళ్లీ అదో భయం. చివరికి బాయి మీది స్క్రాప్‌లో వేయమని ఆయనకే ఇచ్చాను. వీడియో ఫోన్ల నిండా తిరిగింది, "కుక్కర్ బాంబ్" అని పేరు పెట్టి. ఆడబిడ్డ అన్నట్టే అయింది. ఒక రోజు షిఫ్టు మధ్యలో మేనేజర్ పిలిచాడు. మా ఆయన చొక్కా లోపలి జేబులో పెట్టుకుని తిరుగుతున్న నకలు తీసి బల్ల మీద పెట్టారు. మేనేజర్ "కొసన డిటోనేటర్ లేదు" అన్న చోట వేలు పెట్టి రెండోసారి చదివాడట. "ఇక మీదట ఇంటికి తేవొద్దు" అని పంపేశాడు. ఆ బల్ల మీద పెన్నులు పెట్టుకునే డబ్బా ఎర్ర పసుపు వైరుతో అల్లిందేనని మా ఆయన చెప్పారు. నేను చూడలేదు. కోతలు కోయడం ఆయన శాఖ కాదు కాబట్టి నమ్మాను.

డ్యూటీ నిలబడింది. డిక్కీకి తాళం వేయించాం. అయినా ఆ వంతెన దాటాల్సి వచ్చిన ప్రతిసారీ, దూరంగా బారికేడ్ కనిపించగానే మా ఆయన కారు ఆపి, దిగి, ఎవరూ అడగకుండానే వెనక్కి వెళ్లి డిక్కీ తెరిచి నిలబడతారు. మొన్న ఆడబిడ్డ కారులోనే ఉంది. "అడుగకముందే తెరుస్తవేందే అన్నా. గింత చెప్పినంక గూడ?" అని కసిరింది. ఆయన, "చూడనీ తియ్యే" అన్నారు, మూత కింద తల వంచుకుని.

నేనూ దిగాను. ఆ కానిస్టేబులే వచ్చాడు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. "స్టెప్నీ, గొడుగు, సగం బియ్యం సంచి" అని చెప్పాను.

"ఇయ్యాల మేకపోతు లేదా అక్కా?" అన్నాడు నవ్వుతూ.

"లేదు తమ్మీ" అన్నాను. "ఉన్నదంతా చెప్పిన. మళ్లొకసారి చూసుకో."